మంత్రగత్తెల కొండ: ఓక్ దుంగల్లో లిథువేనియా కథలు

లిథువేనియా పటంలో బాల్టిక్ సముద్రాన్ని ఆనుకుని సన్నని ఇసుక పట్టీ ఒకటి కనిపిస్తుంది. దాని పేరు కురోనియన్ స్పిట్. పొడవు 98 కిలోమీటర్లు, వెడల్పు మాత్రం కొన్ని చోట్ల అర కిలోమీటరు కూడా ఉండదు. ఒక పక్క సముద్రం, మరో పక్క విశాలమైన సరస్సు. ఉత్తర భాగం లిథువేనియాది, దక్షిణ భాగం రష్యాది. 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది ఇసుక దిబ్బల కోసం తిన్నగా నిదా అనే ఊరికి వెళ్లిపోతారు. దారిలో వచ్చే యువొద్‌క్రాంతేలో దిగరు. దిగినా గంటలో చూసేసి బస్సెక్కుతారు. నన్నడిగితే, ఈ పట్టీ మీద ఒక్క రాత్రే ఉండగలిగినవాళ్లు ఆ రాత్రి యువొద్‌క్రాంతేలోనే ఉండాలి. అక్కడి మంత్రగత్తెల కొండ కోసం.

ఊరి వెనక పాత ఇసుక దిబ్బ మీద పైన్ అడవి పెరిగింది. పూర్వం జూన్ నెలాఖరులో వచ్చే యోనినేస్ పండుగకు జనం ఆ కొండ మీదే చేరేవారు. 1979లో అల్గిమంతస్ నస్వీతిస్ అనే వాస్తుశిల్పి, స్తెపోనస్ క్వేదరస్, యోనస్ స్తానియుస్ అనే జానపద కళాకారులు పూనుకుని దేశంలోని చెక్క శిల్పులను ఇక్కడికి పిలిపించారు. తర్వాత కూడా పలు దఫాలుగా శిల్పులు వచ్చి పనిచేశారు. ఇప్పుడు అడవి బాట పొడవునా దాదాపు 80 శిల్పాలున్నాయి. వాటిలో దయ్యాలు, మంత్రగత్తెలు, రాకుమార్తెలు, జాలర్లు, ఈ ఇసుక పట్టీని తన ఒడిలో ఇసుక మోసుకొచ్చి పోసి కట్టిందని చెప్పుకునే నేరింగ అనే రాక్షస కన్య, అందరూ ఉన్నారు. టిక్కెట్టు లేదు, గేటు లేదు, వేళలు లేవు.

కొండపల్లి బొమ్మలు చూస్తూ పెరిగిన కంటికి ఈ పని మొదట మొరటుగా తోస్తుంది. అక్కడ తేలికైన తెల్లపొణికి చెక్కతో ముక్కలు చెక్కి, అతికించి, రంగులు వేస్తారు. ఇక్కడ చాలావాటికి రంగు లేదు, అతుకు లేదు. నిలువెత్తు ఓక్ దుంగ ఎలా ఉందో ఆ ఆకారానికే శిల్పి లొంగి పని చేస్తాడు. కొమ్మ విరిగిన చోట ముక్కు వస్తుంది, కణుపు ఉన్న చోట కన్ను వస్తుంది. ఒక ముసలి మంత్రగత్తె ముందు చాలాసేపు నిలబడ్డాను. గడ్డం కింద ఉలి దెబ్బలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. నుదుటి మీద ఎండకు చీలిన పగులు సరిగ్గా ముడతలా దిగి వచ్చింది, అందులో పచ్చని నాచు పట్టింది. చేత్తో తడిమితే దక్షిణం వైపు చెక్క పొడిగా, వెచ్చగా ఉంది. ఉత్తరం వైపు తడిగా, మెత్తబడి ఉంది. మ్యూజియంలో గాజు వెనక పెట్టిన చెక్కలో ఇది దొరకదు. ఆరుబయట ఓక్ కూడా కుళ్లుతుంది, అందుకే కొన్ని శిల్పాలను బాగు చేస్తూ వచ్చారు.

నన్ను అన్నిటికన్నా పట్టి నిలిపింది ఎగ్లే కథ. నీళ్లలో ఉండే సర్పరాజు జిల్వినస్‌ను పెళ్లాడిన అమ్మాయి ఆమె. పుట్టింటికి వచ్చినప్పుడు అన్నదమ్ములు ఆమె చిన్న కూతుర్ని బెదిరించి అతని పేరు చెప్పించుకుని, పిలిచి కొడవళ్లతో చంపేస్తారు. ఎగ్లే దుఃఖంతో కొడుకులను ఓక్, యాష్, బర్చ్ చెట్లుగా, కూతుర్ని గాలి తగిలితే చాలు వణికే ఆస్పెన్‌గా మార్చి, తాను స్ప్రూస్ చెట్టయిపోతుంది. మనుషులు చెట్లయిన కథను చెట్టులోనే చెక్కి, చెట్ల మధ్య నిలబెట్టారు. ఇంతకు మించిన వేదిక ఆ కథకు ఉండదని నా నమ్మకం.

లిథువేనియా చెక్క శిల్పులకు శతాబ్దాలుగా ప్రధానమైన పని దారి పక్కన నిలిపే శిలువలు. సోవియట్ పాలనలో అవి పాలకుల కంట్లో నలుసయ్యాయి. అటువంటి కాలంలో ఊరి శిల్పులకు ఇంత పెద్ద అడవి దొరకడం చిన్న విషయం కాదు.

ఇక ప్రయాణం సంగతి. రాజధాని విల్నియస్ నుంచి ఓడరేవు నగరం క్లైపేదకు రైలులో దాదాపు నాలుగు గంటలు. క్లైపేదలో రెండు పడవ రేవులున్నాయి. నడిచి వెళ్లేవాళ్లు పాత రేవుకు, కారుతో వెళ్లేవాళ్లు కొత్త రేవుకు పోవాలి. ఇసుక పట్టీ మీదికి దాటడానికి పది నిమిషాలు కూడా పట్టదు. క్లైపేద వైపు టిక్కెట్టు కొంటే చాలు, తిరుగు ప్రయాణానికి మళ్లీ కొనక్కర్లేదు. అవతలి ఒడ్డు స్మిల్టీనే నుంచి నిదా బస్సు ఎక్కి యువొద్‌క్రాంతేలో దిగాలి. పడవ దిగినవాళ్లంతా ఆ బస్సుకే ఎగబడతారు. వేసవిలో పెద్ద సామానుతో వచ్చినవాళ్లకు చోటు దొరకడం కష్టం. సొంత కారుకు, యువొద్‌క్రాంతే, నిదా ఉన్న నేరింగ ప్రాంతంలోకి ప్రవేశించేటప్పుడు రుసుము కట్టాలి. సైకిలు దారి చక్కగా ఉంది, అద్దె సైకిళ్లూ దొరుకుతాయి. ఓపిక ఉన్నవాళ్లకు అదే మేలు.

నేను దిగింది పైకప్పు వాలుగా ఉన్న పాత చెక్క ఇంట్లో, పై అంతస్తు గదిలో. గది శుభ్రంగా ఉంది. కానీ మెట్లు నిటారుగా ఉన్నాయి, పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు కింది గది అడిగి తీసుకోండి. రాత్రి ఎనిమిది దాటాక తినడానికి ఏమీ దొరకలేదు, అది మాత్రం ఇబ్బంది పెట్టింది. ఊరంతా పొగలో కాల్చిన చేపల వాసనే. శాకాహారులకు గులాబీ రంగు చల్లని బీట్‌రూట్ సూప్, ఉడికించిన బంగాళాదుంపలు ఉన్నాయి. సూప్‌లో గుడ్డు వేస్తారు, ముందే చెప్పాలి. మన వంట లేనిదే పూట గడవని వాళ్లు క్లైపేదలోనే సరుకులు కొని తెచ్చుకోవడం మంచిది.

ఊళ్లో సరస్సు ఒడ్డున రాతి శిల్పాల నడకదారి కూడా ఉంది. నడకకు హాయిగా ఉంటుంది కానీ ఆ రాళ్లు నాతో ఏమీ మాట్లాడలేదు. ఊరికి దక్షిణంగా కొంగలు, నీటికాకుల స్థావరం ఉంది. వాటి రెట్టలకు పైన్ చెట్లు ఎండి మోడులైపోయాయి. చూడదగ్గదే, వాసన భరించగలిగితే.

కొండకు మధ్యాహ్నం వెళ్లకండి. పర్యాటకుల బస్సులన్నీ అప్పుడే వస్తాయి. పిల్లలు జారుడు బల్లలుగా, ఆసనాలుగా చెక్కిన శిల్పాల దగ్గర వరుస కడతారు. ఉదయం ఏడుకల్లా వెళ్తే బాట మొత్తం మీదే. దోమల మందు పూసుకోండి, గట్టి బూట్లు వేసుకోండి. బాటలో వేళ్లు, మెట్లు ఉన్నాయి, చక్రాల కుర్చీ పైవరకు పోవడం కష్టం. చిన్న పిల్లలుంటే నరక ద్వారం అనే శిల్పం దాటిన తర్వాత వచ్చే దయ్యాల దగ్గర చేయి పట్టుకుని నడిపించండి. పెద్దగా భయపడరు గానీ, ప్రతి దయ్యానికీ కథ చెప్పమంటారు. అందుకు రెండు గంటలు చాలవు.