కేస్ 6265 మడత వేటచాకు: చుక్కలు లెక్కపెట్టి కొనవలసిన వస్తువు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, బ్రాడ్‌ఫర్డ్ అనే చిన్న పట్టణంలో తయారయ్యే కేస్ చాకులకు పాతవస్తువుల సేకరణదారులలో చాలాకాలంగా మంచి గిరాకీ ఉంది. వాటిలో వేటగాళ్ల కోసం చేసిన పెద్ద మడత చాకు 65వ నమూనా. ఆ రాష్ట్రంలోనే ఒక పాతసామాన్ల దుకాణంలో నేను కొన్న 6265 ఎస్‌ఏబీ చాకును ఈ సమీక్షకు తీసుకున్నాను. ఇది 1974లో తయారైంది. పెట్టె, రశీదు, కాగితం ఏవీ లేకుండా వచ్చిన చాకుకు ఇంత కచ్చితంగా సంవత్సరం చెప్పగలగడమే దీనిని కొనడానికి మొదటి కారణం.

ప్రధాన బ్లేడును తెరిచి, అది పిడిలోకి దిగే చోట ఉండే చదునైన లోహభాగాన్ని చూడాలి. సేకరణదారులు దానిని టాంగ్ అంటారు. నా చాకు టాంగ్ ముందువైపు కేస్ అన్న పేరు, దాని తరువాత రెండు ఎక్స్ అక్షరాలు, యు.ఎస్.ఎ. అన్న అక్షరాలు, వాటి కింద ఆరు చుక్కలు ఉన్నాయి. ఆ సంస్థ 1970లో తన ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏడాదికొకటి చొప్పున తీసివేస్తూ వచ్చింది కనుక 1979 నాటికి ఒక్క చుక్క మిగిలింది. అంటే 1980లోనుంచి చుక్కల సంఖ్యను తీసివేస్తే తయారీ సంవత్సరం తేలుతుంది. 1980లో మళ్ళీ పది చుక్కలతో లెక్క మొదలైంది గాని, అప్పటినుంచి పేరులోని ఎస్ అక్షరాన్ని మెరుపుతీగలా కోణాలు తిరిగేట్టు చెక్కారు. ఈ ఒక్క అక్షరం గమనించకపోతే 1984 నాటి చాకును 1974 నాటిదిగా భావించి ఎక్కువ ధర పెట్టే ప్రమాదం ఉంది.

చుక్కలు రాకముందు కాలాన్ని అక్షరాలే చెబుతాయి. 1965 నుంచి 1969 వరకు చేసిన మడత చాకులపై చుక్కలు లేని యు.ఎస్.ఎ. ముద్ర ఉంటుంది. అంతకు ముందు, సుమారు 1940 నుంచి 1964 వరకు, దేశం పేరు లేకుండా కేస్, రెండు ఎక్స్‌లు మాత్రమే ఉండేవి. ఇంకా పాతవాటిపై పరీక్షించినది అన్న అర్థమిచ్చే టెస్టెడ్ అనే మాట కనిపిస్తుంది. అయితే ఈ చుక్కల లెక్క మడత చాకులకు వర్తించేది. తోలు ఒరలో పెట్టుకునే, మడవని వేటకత్తులపై ఆ కాలంలో కేస్ చుక్కలు వేయలేదు కాబట్టి, అటువంటి కత్తిపై చుక్కలు లేనంత మాత్రాన అది 1960ల నాటిదని ఎవరైనా చెబితే ఒప్పుకోనక్కరలేదు.

టాంగ్ వెనుకవైపున్న 6265 ఎస్‌ఏబీ అన్న సంకేతం నాకు మరింత ఆసక్తి కలిగించింది. మొదటి అంకె పిడి దేనితో చేసిందో, రెండవది ఎన్ని బ్లేడ్లున్నాయో, చివరి రెండు అంకెలు ఏ నమూనాయో తెలుపుతాయి. కేస్ పద్ధతిలో 5 అంటే జింకజాతి కొమ్ము, 6 అంటే గాట్లు పెట్టిన ఎముక. ఎస్‌ఏబీ అన్నది బ్లేడు అంచును మధ్యనుంచి వాలుగా సానబట్టిన తీరుకు గుర్తు. ఈ లెక్కన నా చాకుకు ఎముక పిడి ఉండాలి, కాని ఉన్నది జిగురుతో పొరలు పొరలుగా అతికించిన గోధుమరంగు చెక్క. ఎవరో పిడి మార్చి అమ్మారన్న అనుమానం కొత్తవారికి వెంటనే కలుగుతుంది. నిజానికి 1960ల రెండవ సగంలో ఈ పెద్ద నమూనాకు ఎముక బదులు చెక్క వాడడం మొదలుపెట్టినా, సంస్థ సంకేతంలోని 6ను మార్చలేదు. కనుక ఆరు చుక్కల చాకుకు చెక్క పిడి ఉండడం దాని అసలుతనానికి అడ్డు కాదు. అదే చుక్కలకు పాత ఎముక పిడి జోడై కనిపిస్తే అప్పుడు ఆగి ప్రశ్నలు అడగాలి.

ఈ చాకు కొనేవారు ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసిన మోసం ఒకటుంది. చుక్కలు లేని 1965-69 ముద్రకు ధర ఎక్కువ కాబట్టి, 1970ల చాకుపై చుక్కలను అరగదీసి దానిని పాతదిగా చూపే వీలుంది. అసలు ముద్రను ఉక్కు మెత్తగా ఉన్నప్పుడే, గట్టిపరచడానికి ముందు, అచ్చుతో కొడతారు. అందువల్ల అక్షరాలు లోతుగా, అడుగు చదునుగా, అంచులు స్పష్టంగా ఉంటాయి. అరగదీసిన చోట యు.ఎస్.ఎ. కింద లోహం కొద్దిగా పల్లమై, చుట్టుపక్కల కంటే ఎక్కువగా మెరుస్తుంది. దీపాన్ని పైనుంచి కాక పక్కనుంచి, దాదాపు లోహానికి సమాంతరంగా పట్టి, పదిరెట్ల భూతద్దంతో చూస్తే ఆ పల్లం నీడ వేసి దొరికిపోతుంది. నా చాకు విషయంలో ఆరు చుక్కలలో చివరిది తుప్పు మచ్చ కింద సగం మునిగి ఉండడంతో, మొదట చూసినప్పుడు ఐదే కనిపించాయి. పత్తిపై రెండు బొట్ల నూనె వేసి మృదువుగా తుడిచిన తరువాత ఆరవది బయటపడింది. ఇటువంటి చోట ఉక్కుపీచు, తుప్పు తీసే ఆమ్లాలు, పాలిష్ చక్రం వాడకూడదని గట్టిగా చెబుతాను. అవి తుప్పుతోపాటు చుక్కనూ తీసుకుపోతాయి, చుక్క పోయిన చాకుకు తయారీ సంవత్సరం చెప్పడానికి ఇక ఆధారం మిగలదు.

చాకుగా దీని పనితనం గురించి కూడా చెప్పాలి. మడిచినప్పుడు పొడవు ఐదుంబావు అంగుళాలు, అరచేతికి నిండుగా ఉంటుంది. ఒక బ్లేడు మొన తేలినది, రెండవది వేటలో తోలు ఒలవడానికి వంపుగా చేసినది. స్ప్రింగులు యాభై ఏళ్ళ తరువాత కూడా బిగువుగా ఉన్నాయి. తెరిచిన బ్లేడు పక్కలకు ఊగడం లేదు. కాని తెరిచాక బిగిసిపోయే తాళం ఇందులో లేదు కాబట్టి బరువైన పనికి వాడేటప్పుడు వేళ్ళు జాగ్రత్త. ఉక్కు తుప్పు పట్టే రకమే అయినందున మన కోస్తా జిల్లాల ఉక్కపోతలో దీనిని తోలు ఒరలో ఉంచకుండా, నూనె రాసిన గుడ్డలో చుట్టి పొడిచోట పెట్టుకోవాలి. తోలు తేమను పట్టి ఉంచి, ముందుగా ముద్ర దగ్గరే మచ్చ పుట్టిస్తుంది.

పిడి కొమ్ముతో చేసిన 5265 చాకు మరింత అందమైనదే. అయితే అమెరికన్ చాకులకు వాడిన కొమ్ములో చాలాభాగం భారతదేశపు కణితి అనే పెద్ద జింకది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చిన తరువాత మన దేశంలో అటువంటి కొమ్ము వస్తువుల కొనుగోలు, అమ్మకం, దిగుమతి చట్టంతో ముడిపడిన వ్యవహారం. స్వదేశానికి తెచ్చుకునే ఆలోచన ఉన్నవారు కొమ్ము పిడి జోలికి పోకుండా చెక్క పిడిని ఎంచుకోవడమే మేలు.

నాలుగైదు తరాల నాటి అరుదైన ముద్రల కోసం వెతికేవారికి ఈ చాకు తృప్తి ఇవ్వదు. వారు టెస్టెడ్ ముద్రలవైపు వెళ్ళాలి, ధర కూడా ఆ స్థాయిలోనే చెల్లించాలి. ముద్రలు చదవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవారికి మాత్రం 1970ల 6265ను మనస్ఫూర్తిగా సిఫార్సు చేస్తున్నాను. అమ్మేవారు బ్లేడు ఫోటోలు మాత్రమే పంపితే, టాంగ్ రెండువైపులా దగ్గరనుంచి తీసిన ఫోటోలు అడగండి. అవి పంపడానికి వెనుకాడేవారి దగ్గర కొనవద్దు.