గంట విమానానికి ఒక రాత్రి లాడ్జి: అంబాజీపేట నుంచి హైదరాబాద్

రాజమండ్రి నుంచి శంషాబాద్‌కి గాలిలో దూరం దాదాపు 360 కిలోమీటర్లు. టికెట్టు మీద గంటా పది నిమిషాలని ఉంది. ఆ గంటని నమ్మి అమ్మని మొదటిసారి విమానం ఎక్కించాను. మనిషికి 3,850 రూపాయలు. అంబాజీపేట పక్కనున్న మా ఊరి నుంచి మధురపూడిలోని రాజమండ్రి ఎయిర్‌పోర్టుకి ఎంత దూరమో మాత్రం లెక్క వేసుకోలేదు.

విమానం పొద్దున 7.20కి. కొత్తపేట, రావులపాలెం, జొన్నాడ వంతెన, లాలాచెరువు... ఎయిర్‌పోర్టుకి మొత్తం దాదాపు 78 కిలోమీటర్లు. చీకట్లో అమ్మని కూర్చోబెట్టుకుని అంత దూరం వెళ్ళడం ఎందుకని, ముందురోజు సాయంత్రమే రాజమండ్రిలో దిగిపోయాం. అక్కడే దెబ్బతిన్నాను.

ఫోనులో ఏసీ గది 1,400 అన్నారు. తీరా వెళ్ళాక కౌంటర్లో కుర్రాడు, "ఆయ్, ముహూర్తాలండీ, ఈ వారమంతా 1,900" అన్నాడు. ఫోనులో మాట్లాడింది ఎవరని అడిగితే, ఆయన డ్యూటీ దిగిపోయాడట. రాత్రి ఎనిమిదింటికి అమ్మతో ఇంకో లాడ్జి వెతకలేక డబ్బు కట్టేశాను. గదిలో దుప్పట్లు తడి వాసన. ఇంకో దుప్పటి అడిగితే వంద. వేణ్ణీళ్ళు ఆరింటికి గానీ రావట, మేము బయల్దేరాల్సింది అయిదింటికి! అమ్మకి చన్నీళ్ళ స్నానం పడదు. "ఇంట్లో పడుకుంటే ఈపాటికి ఒక నిద్ర అయ్యేది కదరా" అని రాత్రంతా మంచం మీద కూర్చునే ఉంది. నాకు ఆ 1,900 కంటే ఆ మాటే ఎక్కువ బాధ కలిగించింది.

పొద్దున ఎయిర్‌పోర్టుకి ఆటో 450. బేరం ఆడినా తగ్గలేదు.

విమానం టైముకే ఎగిరింది, టైముకే దిగింది. ఫ్యాన్ రెక్కల చిన్న విమానం, ఎక్కేది వెనక తలుపు నుంచి. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని గోదావరి కనబడగానే దణ్ణం పెట్టుకుంది. అంతవరకూ ముడుచుకున్న ముఖం అప్పుడు విప్పారింది. ఆవకాయ జాడీ మాత్రం చేతిసంచిలో పెట్టకండి, నూనె పచ్చడి చెక్-ఇన్ సామానులోనే వేయాలి. ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలు మాత్రం చేతిలో పట్టుకోవడమే మంచిది, అడుగున పడితే పొడే మిగులుతుంది.

శంషాబాద్ నుంచి కూకట్‌పల్లికి క్యాబ్ 1,150, గంటన్నర. సాయంత్రం అయిదింటికి ఊళ్ళో బయల్దేరిన వాళ్ళం మర్నాడు పదిన్నరకి ఇల్లు చేరాం. రాత్రి రైలు గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఉంటే అమ్మ బెర్తు మీద పడుకుని తెల్లారేసరికి హైదరాబాద్‌లో ఉండేది.

కోనసీమ వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. పెద్దవాళ్ళతో పొద్దుటి విమానం వద్దు. మధ్యాహ్నం తర్వాతది చూసుకుంటే ఇంట్లో భోంచేసి బయల్దేరవచ్చు, లాడ్జి గొడవ ఉండదు. తప్పనిసరై రాజమండ్రిలో గది తీసుకుంటే రేటు మెసేజ్‌లో రాయించుకోండి, వేణ్ణీళ్ళు ఎన్నింటికి వస్తాయో కూడా అడగండి.

వచ్చే నెల అమ్మ తిరుగు ప్రయాణం సాయంత్రం విమానానికి వేశాను. మధురపూడికి మా బావ కారు తెస్తానన్నాడు. రాత్రి అన్నం ఇంటి దగ్గరే తినాలని అమ్మ షరతు.