హన్మకొండలో ‘లైఫ్‌టైమ్ ప్రీమియర్’ కొనేవాళ్లు జాగ్రత్త

అన్నలూ, తమ్ముళ్లూ! హన్మకొండలో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు వేసిచ్చే ఆ షాపు మన పెళ్లి వీడియోలవాళ్లందరికీ తెలిసిందే. అక్కడ ఒక్కసారి కడితే జీవితాంతం వాడుకోవచ్చని అమ్మే ‘లైఫ్‌టైమ్ ప్రీమియర్ ప్రో’ (అడోబీ కంపెనీ వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) కొనకండి. నావి నాలుగున్నర వేలు పోయాయి.

పర్వతగిరి పెళ్లి పని నడుస్తోంది. తలంబ్రాల దగ్గర మూడు కెమెరాల ఫుటేజీ కలుపుతుంటే ప్రీమియర్ ఉన్నట్టుండి సైన్ ఇన్ అడిగింది. షాపతను పెట్టిచ్చిన పాస్‌వర్డ్ పనిచేయలేదు. పెళ్లివాళ్లకు ఆదివారం ఇస్తానని మాటిచ్చి ఉన్నాను, ఒకటే టెన్షన్.

ల్యాప్‌టాప్ పట్టుకుని పోతే కుర్చీలోంచి లేవను కూడా లేదు. “నాలుగున్నర వేలకు జీవితాంతం వాడుతవా? కంపెనీకే కట్టుకో పో” అన్నాడు, అందరూ వింటుండగా. నన్ను అట్లా నిలబెట్టే, పక్కనున్న పిల్లగాడికి మళ్లీ అదే ‘లైఫ్‌టైమ్’ అంటగడుతున్నాడు. కొనొద్దు తమ్మీ అన్నందుకు “నా గిరాకీ చెడగొడుతున్నవా” అని మీదికొచ్చాడు. డబ్బుల కన్నా అదే నాకు మంటగా ఉంది.

అడోబీ 2013 నుంచి ప్రీమియర్ కొత్త వెర్షన్లను చందాకే ఇస్తోంది. ఒకరి అకౌంట్ రెండు సిస్టమ్‌ల మీదే యాక్టివ్‌గా ఉంటుంది. ఒకే లాగిన్ పదిమందికి అమ్మితే ఒకరు ఎక్కినప్పుడు ఇంకొకరు దిగిపోవాల్సిందే.

కొనేరోజు డావిన్చీ రిజాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సంగతి అడిగితే “ఫ్రీది, వాటర్‌మార్క్ పడతది” అన్నాడు. పచ్చి అబద్ధం. డబ్బులు కట్టి కొనే స్టూడియో వెర్షన్ ఎఫెక్టులు వాడితేనే ఆ ముద్ర పడుతుంది, లేకపోతే 4కె యూహెచ్‌డీ దాకా శుభ్రంగా వస్తుంది. కలర్ పనికి దాన్ని మించింది లేదు. కాకపోతే మంచి గ్రాఫిక్స్ కార్డు లేకుంటే నత్తనడకే. గంటల కొద్దీ పెళ్లి ఫుటేజీకి ఎడియస్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ హాయి, లైసెన్స్ ఒక్కసారి కొంటే చాలు. విండోస్‌లోనే నడుస్తుంది, టైటిళ్లు, గ్రాఫిక్స్‌లో మాత్రం వెనకబడుతుంది. అడోబీ వాళ్లదే గ్రాఫిక్స్, ఎఫెక్టుల సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌తో కలిసి పనిచేయడమే ప్రీమియర్ అసలు బలం.

నాలాగా ప్రాజెక్టు ఇరుక్కున్నవాళ్లు మీ సొంత ఈమెయిల్‌తో అడోబీ 7 రోజుల ట్రయల్ తీసుకోండి. ప్రీమియర్‌లో ప్రాజెక్టు తెరిచి, ఫైనల్ కట్ ప్రో ఎక్స్ఎంఎల్ (వేరే సాఫ్ట్‌వేర్లు కూడా చదవగలిగే ప్రాజెక్టు ఫైలు)గా ఎక్స్‌పోర్ట్ చేసి రిజాల్వ్‌లోకి తెచ్చుకోవచ్చు. కట్స్ వస్తాయి, కలర్, ఎఫెక్టులు మళ్లీ చేసుకోవాలి. కార్డు వివరాలు అడుగుతుంది, గడువు లోపే రద్దు చేయడం మర్చిపోకండి.

ఎవరైనా వాళ్ల ఈమెయిల్‌తో లాగిన్ ఇస్తామంటే డబ్బులు తీయకండి. ఆన్‌లైన్‌లో కట్టి మోసపోయినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.