నాన్న వాడుతున్న కోఎంజైమ్ క్యూ10 మాత్రలు

హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న మా నాన్నకి కార్డియాలజిస్టు సరేనన్నాకే ఈ కోఎంజైమ్ క్యూ10 (కణాలు శక్తిని తయారుచేసుకోవడానికి వాడుకునే, ఒంట్లో సహజంగానే ఉండే పదార్థం) మాత్రలు మొదలుపెట్టాం. 100 మిల్లీగ్రాములవి, రోజుకు మూడు. 2014లో వెలువడిన క్యూ-సింబియో పరిశోధనలో వాడిన మోతాదు అదే. అందులో 420 మంది రోగులు. రెండేళ్లలో పెద్ద గుండె సమస్యలు ఈ మాత్ర వేసుకున్నవాళ్లలో 15 శాతానికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 26 శాతానికి వచ్చాయి. చిన్న పరిశోధనే, అయినా నాకు ఆశ కలిగింది.

కొవ్వులో కరిగే పదార్థం కాబట్టి భోజనంతోనే ఇస్తున్నాం. మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గింది. అయితే డాక్టరు అప్పుడే వేరే మందులు కూడా మార్చారు, అందుకే మొత్తం క్రెడిట్ దీనికే ఇవ్వలేను. ధర మాత్రం భారమే.

అమ్మినతను "ఇది వాడితే బీపీ మాత్రలు మానేయొచ్చు" అన్నాడు. ఒళ్లు మండింది. దయచేసి అలాంటి మాటలు నమ్మకండి. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్లయితే డాక్టర్ని అడగకుండా ఈ మాత్రలు అసలు ముట్టుకోవద్దు, వార్ఫరిన్ పనితనం తగ్గొచ్చు.