ట్రెజర్ సేఫ్ 3: పెట్టె గట్టిదే, అసలు తాళంచెవి మాత్రం కాగితం మీద

2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే భారతీయ క్రిప్టో ఎక్స్ఛేంజ్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల క్రిప్టో పోయింది. ఎక్స్ఛేంజ్ యాప్‌లో కనిపించే అంకె వాళ్ల లెక్కల్లో మన పేరిట ఉన్న రాత మాత్రమే, ఆ క్రిప్టోను ఖర్చుపెట్టే హక్కునిచ్చే రహస్య సంఖ్య, అంటే ప్రైవేట్ కీ, ఉండేది వాళ్ల దగ్గరే. ఆ కీని మన చేతికి తెచ్చుకోవడానికే ట్రెజర్ సేఫ్ 3 అనే ఈ హార్డ్‌వేర్ వాలెట్ పరికరం. ప్రాగ్‌లోని సతోషీల్యాబ్స్ తయారీ, 2023లో వచ్చింది.

చిన్న తెర, రెండు బటన్లు, యూఎస్‌బీ-సి. బ్యాటరీ లేదు, బ్లూటూత్ లేదు. ఐఫోన్ వాడేవాళ్లు లావాదేవీలకు కంప్యూటర్ దగ్గర పెట్టుకోవాల్సిందే. ట్రెజర్ పాత పరికరం మోడల్ వన్‌లో లేని సెక్యూర్ ఎలిమెంట్ చిప్ (పరికరం దొంగ చేతికి చిక్కినా లోపలి రహస్యాలను కాపాడే చిప్) ఇందులో ఉంది. పిన్ పదేపదే తప్పు కొడితే లోపలున్నదంతా చెరిగిపోతుంది.

చెరిగినా నష్టం లేదు, సెటప్‌లో పరికరం చూపగా కాగితం మీద రాసుకున్న బ్యాకప్ పదాలు ఉంటే. అసలు కీ అవే. మామూలుగా ఇది 20 పదాలిస్తుంది. ఈ బ్యాకప్‌ను తర్వాత, ఒక్కోటీ వేరే పదాల జాబితాగా ఉండే ముక్కలుగా మార్చుకోవచ్చు: మూడింటిలో ఏ రెండు కలిసినా వాలెట్ తెరుచుకునేలా ఒకటి ఇంట్లో, ఒకటి బ్యాంకు లాకర్లో, ఒకటి తోబుట్టువు దగ్గర. ఒక చోట దొంగ పడ్డా, నిప్పంటుకున్నా డబ్బు నిలుస్తుంది. మాకు బాగా నచ్చింది ఇదే. చిక్కేమిటంటే, ఈ 20 పదాలను చాలా ఇతర వాలెట్లు తీసుకోవు. రేపు వేరే కంపెనీకి మారే ఆలోచనుంటే సెటప్‌లోనే 12 లేదా 24 పదాలు ఎంచుకోండి.

పదాలకు ఫోటో తీయొద్దు, వాట్సాప్‌లో దాచొద్దు. ఫోటో తీసిన మరుక్షణం అది క్లౌడ్‌కు ఎక్కిపోవచ్చు. డబ్బు మొత్తం వేసే ముందు కొద్ది మొత్తం పంపి, పరికరాన్ని పూర్తిగా చెరిపి, కాగితం చూసి పదాలు ఎక్కించండి. అదే బ్యాలెన్స్ కనిపిస్తేనే రాత సరైనట్టు.

పాస్‌ఫ్రేజ్ (బ్యాకప్ పదాలకు అదనంగా మనమే పెట్టుకునే రహస్య పదం) వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. ఒక్క అక్షరం తేడా వచ్చినా "తప్పు" అని చెప్పదు, వేరే ఖాళీ వాలెట్ తెరుస్తుంది. డబ్బు పోయిందని కంగారు పడకుండా మళ్లీ జాగ్రత్తగా టైప్ చేయాలి. మర్చిపోతే కంపెనీ కూడా తిరిగి ఇవ్వలేదు.

కొనడం నేరుగా కంపెనీ నుంచో, దాని అధీకృత విక్రేత నుంచో మాత్రమే. పెట్టెలో ముందే రాసిన పదాలు కనిపిస్తే ఒక్క రూపాయి వేయకుండా తిప్పి పంపేయండి. ఆ పదాలు మరొకరి దగ్గర కూడా ఉన్నట్టే.