ఉత్తరాల పెట్టెతో రాజమండ్రిలో రెండు రోజులు

రాజమండ్రి స్టేషన్ దగ్గర లాడ్జి ఫోన్లో బుక్ చేసుకునేవాళ్లు లిఫ్ట్ ఉందా అని అడగొద్దు, ఇవాళ నడుస్తోందా అని అడగండి. మాకు "ఉందండి" అన్నారు. ఉంది, తలుపుకి తాళంతో. ఎనభై ఆరేళ్ల మా పెద్దమ్మ మెట్టుమెట్టుకీ ఆగుతూ రెండో అంతస్తు ఎక్కింది. ఏసీ గది రోజుకి 2,200. ఎక్స్‌ట్రా బెడ్ అని 500 తీసుకుని బొంత ఒకటి పడేశారు.

అమలాపురంలో చుట్టాలింటి అటక మీద అమ్మమ్మ రేకుపెట్టె దొరికింది. అందులో 64 ఉత్తరాలు, అన్నీ అమ్మమ్మ అన్నగారు రంగూన్ నుంచి రాసినవే. ఎక్కడైనా భద్రంగా దాచే చోట ఇద్దామని కారు మాట్లాడుకుని (2,600, డ్రైవరు భోజనం ఖర్చు అతనిదే) రావులపాలెం మీదుగా వచ్చాం. దారిలో అంబాజీపేట పొట్టిక్కలు తిన్నాం. పనసాకుల బుట్టలో ఉడికిన ఇడ్లీకి ఆ వాసనే వేరు. ఈ ప్రయాణంలో నోరారా మెచ్చుకోగలిగింది అదొక్కటే.

ఆ రాత్రి పెట్టె తెరిచాం. బర్మావాళ్లు మనవాళ్లని కోరంగి రేవు పేరుతో కొరంగీలు అనేవారట. ఈయన కూడా "మేము కొరంగీలము" అని నవ్వుతూ రాశాడు. 1937లో బర్మాని ఇండియా నుంచి విడదీశాక వచ్చిన ఒక కవరు మీద మన స్టాంపే ఉంది, దాని మీద బర్మా అని అచ్చుకొట్టారు. చివరి కార్డు 1941 నవంబరుది. డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాయి. ఆయన మరుసటేడు నడిచి ఇల్లు చేరాడు కాబట్టి ఇక ఉత్తరాలతో పని లేకపోయింది.

పెద్దమ్మ మాత్రం రెండు కార్డుల దగ్గరే ఆగిపోయింది. 1940 ఫిబ్రవరి కార్డు "చి.ల.సౌ. చెల్లెలికి" అని మొదలవుతుంది. ఆగస్టు కార్డు "గం.భా.స. చెల్లెలికి" అని. అంటే గంగాభాగీరథీ సమానురాలు, భర్త పోయినవాళ్లకి రాసే మాట. మధ్యలో తాతయ్య పోయాడు. అప్పటికి పెద్దమ్మకి ఏడాది, మా అమ్మ కడుపులో ఉంది. ఆ కబురు మోసిన ఉత్తరం, దానికొచ్చిన జవాబు పెట్టెలో లేవు. అలాంటివి చదవగానే చింపేసేవాళ్లు కదా. పెద్దమ్మ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి, ఏమీ అనకుండా పడుకుంది.

తెల్లారేసరికి ఏసీలోంచి నీళ్లు కారి బల్లంతా తడి. పెట్టె రేకుదే, కానీ మూత సరిగ్గా పడదు. 19 ఉత్తరాలు తడిశాయి. ఆగస్టు కార్డు ఇంకు పెన్సిల్‌తో (తడి తగిలితే సిరాలా కరిగే పెన్సిల్) రాసింది, అక్షరాలన్నీ ఊదారంగులోకి తిరిగాయి. కౌంటర్‌లో చెబితే "కాగితాలేగా మేడమ్" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మంటే. రూపాయి తగ్గించలేదు.

ఒక పెద్ద గ్రంథాలయంలో పనిచేసే ఆయన చెప్పిన ఉపాయం వల్ల మిగతావి దక్కాయి. ఎండలో పెట్టొద్దు, ఇస్త్రీ చెయ్యొద్దు, అతుక్కున్నవి లాగొద్దు. తెల్లకాగితాల మధ్య పరిచి, ఫ్యాను చిన్నగా తిప్పుతూ, కాగితం చెమ్మగిల్లినప్పుడల్లా మార్చాలి. దినపత్రిక వాడితే సిరా అంటుతుంది. దేవీచౌక్‌లో తెల్లకాగితాల రీమ్ 290కి కొని ఆ గదిలోనే ఆరబెట్టాం. చిరుగులకి సెల్లోటేప్ అస్సలు వెయ్యొద్దన్నాడు. మా చుట్టాలు అప్పటికే నాలుగు ఉత్తరాలకి వేసేశారు.

ఇవ్వడానికి వెళ్లిన ఆఫీసులో గుమాస్తా మూత కూడా తియ్యలేదు. "రాసినాయన ఫ్రీడమ్ ఫైటరాండి? కాదా? పోనీ ఆస్తి కాగితాలా?" అని అడిగి ఫోన్ చూసుకున్నాడు. రంగూన్‌లో బియ్యం ధర, పడవ టిక్కెట్టు, జీతం, జ్వరం, అన్నీ రాసిన మనిషికి విలువ లేదు కాబోలు. మీ ఇంట్లో ఇలాంటివి ఉంటే ముందు ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి, ఆ తర్వాతే గడప దాటించండి. మేము తిరగేసి చేశాం.

రెండో రోజు వీరేశలింగం గారి ఇల్లు, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూశాం, బాగున్నాయి. కోటగుమ్మం దగ్గర రోజ్‌మిల్క్ తాగాక పెద్దమ్మ ముఖం కాస్త తేటపడింది.

పెట్టె ఇప్పుడు మా బీరువాలో ఉంది. అందులో ఉన్నవి 62. ఫిబ్రవరిది, ఆగస్టుది పెద్దమ్మ తన పంచాంగంలో పెట్టుకుంది. ఫొటో తీస్తానంటే రేపు ఇస్తానంటోంది.