హెడ్‌ఫోన్ ఆంప్: ముందు ఐసీ మార్చాలా, కెపాసిటర్లా?

హనుమకొండలో సొంతంగా ఆంప్ బిగించుకునే కుర్రాళ్లు ముందు ఐసీ (శబ్ద సంకేతాన్ని పెంచే చిప్) మీదే పడతారు. పని సులువు మరి. ఎనిమిది కాళ్ల సాకెట్ ఉంటే ఎన్‌ఈ5532 అనే ఐసీ తీసి ఓపీఏ2134 అనేది గుచ్చేయొచ్చు, గుంట గుర్తు ఏ వైపుందో చూసుకుంటే చాలు. కాగితం మీద కొత్తదాని స్లూ రేట్ (అవుట్‌పుట్ వోల్టేజీ ఎంత వేగంగా మారగలదో చెప్పే అంకె) మైక్రోసెకనుకు 20 వోల్టులు, పాతదానిది 9. కానీ నాయిస్ తక్కువ పాతదానికే. పాటలో ఈ తేడా పట్టుకోవడం చాలా కష్టం. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ఆంప్ అయితే మాత్రం ఓపీఏ2134 మేలు, తక్కువ వోల్టేజీలోనూ నిలబడుతుంది.

నా ఓటు కెపాసిటర్లకే. సింగిల్ సప్లై (ప్లస్, మైనస్ రెండు సరఫరాలు కాక ఒక్కదానితోనే నడిచే) ఆంపుల్లో శబ్దం అవుట్‌పుట్ కెపాసిటర్ గుండానే హెడ్‌ఫోన్‌కు చేరుతుంది. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 100 మైక్రోఫారడ్ పెడితే 50 హెర్ట్జ్ దగ్గరే బేస్ 3 డెసిబెల్స్ పడిపోతుంది. అదే 470 పెడితే ఆ గీత 11 హెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది. డప్పు మోత నిండుగా వినిపిస్తుంది; ఇది ఎవరి చెవికైనా తెలిసే తేడా.

పైగా మన ఓరుగల్లు ఎండలు! వేడి 10 డిగ్రీలు పెరిగితే ఎలక్ట్రోలిటిక్ (ప్లస్, మైనస్ కాళ్లుండే రకం) కెపాసిటర్ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. అందుకే 105 డిగ్రీల వరకు తట్టుకునే రకమే అడిగి తీసుకోండి. పాత ఆంప్‌లో గుర్ర్‌మనే హమ్ ఉంటే, తల ఉబ్బిన ఫిల్టర్ కెపాసిటర్ (పవర్ సప్లైని నిలకడగా ఉంచేది) కోసం వెతకండి. దాన్ని వదిలేసి ఎంత ఖరీదైన ఐసీ పెట్టినా ఆ హమ్ పోదు. కొత్త కెపాసిటర్ వోల్టేజీ పాతదానికంటే తగ్గకూడదు, మైనస్ గీత తారుమారు కాకూడదు.